డిక్కీలో దీపం

ఆ షెడ్డులో అతనికి మీటరు అనే పేరు స్థిరపడిపోయింది. ఎప్పుడూ మెడలో కరెంటు మీటరు వేలాడేసుకుని తిరిగేవాడికి అంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు? మనిషి తీరు కూడా దానికి తగ్గట్టే ఉండేది. ఉన్నదున్నట్టు చెప్పేవాడు, ఎదుటివాడి మొహం చూసేవాడు కాదు. పాత కార్లను ఊడదీసి మళ్లీ కొత్తగా నిలబెట్టే షెడ్డు అది. రేకు పనీ రంగు పనీ మేస్త్రి చూసుకునేవాడు, షెడ్డు కూడా ఆయనదే. వైర్ల పనంతా మీటరుది. ఎలుకలు కొరికిన వైర్లు, ఎవరో ఎప్పుడో అతుకులేసి చేతులు దులుపుకున్న వైర్లు, ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో తెలియని వైర్లు, అన్నీ అతని చేతిలో పడ్డాక దారికి రావాల్సిందే. బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి తప్పెక్కడుందో చెప్పేస్తాడని నలుగురూ అనుకునేవారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

సీట్లు, గుడ్డ, కుట్టుపని సూదిది. సూది అంటే మీటరు భార్యకు సొంత తమ్ముడు. అంతకుముందు నాలుగైదు చోట్ల పనికి కుదిరి ఎక్కడా నిలవలేదు. ఒకచోట కొలత తప్పాడు, ఇంకోచోట యజమానితో మాట తప్పాడు, మరోచోట ఊరికే విసుగు పుట్టి వచ్చేశాడు. ఇంట్లో భార్య పోరు పడలేక మీటరు మేస్త్రి చెవిలో ఒక మాట వేశాడు. వాడేదైనా తేడా చేస్తే నా మీదికి రాకండి అని ముందే చేతులెత్తేసి మరీ వేశాడు.

కానీ ఈ బండితో సూది మారిపోయాడు. అది ఒక రిటైరైన టీచరమ్మది. ఆవిడ తండ్రి నడిపిన కారు, ఆయన పోయాక ఏళ్ల తరబడి పాకలో పడి ఉంది. లోపల పైకప్పుకు వేసే గుడ్డ పూర్తిగా కుళ్లి వేలాడుతోంది. ఆ గుడ్డ వేయడం తమాషా కాదు. కప్పు కింద కమ్మీలు, ఆ కమ్మీలకు గుడ్డ అంచులు, చుట్టూ చెక్కపట్టీలకు చిన్న చిన్న మేకులు. ఒకవైపు లాగితే ఇంకోవైపు ముడత పడుతుంది. సూది పగలంతా ఆ కారులో వెల్లకిలా పడుకుని, పళ్ల మధ్య మేకులు పెట్టుకుని, మెడ పట్టేసినా లేవకుండా కుట్టాడు. మొత్తం అయ్యాక మేస్త్రి లోపలికి దూరి అరచేత్తో కప్పంతా తడిమి చూశాడు. ఒక్క ముడత దొరికితే తిడదామని చూస్తున్నాను, దొరకట్లేదన్నాడు. ఆయన నోటి వెంట అంత మాట రావడం మీటరు కూడా ఎప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం సూది అక్క దగ్గరికి వచ్చి, ఇక నేను ఈ పని వదలనక్కా అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. మీటరు చొక్కా విప్పుతూ, చూద్దాంలే అన్నాడు.

చూసేరోజు త్వరగానే వచ్చింది. టీచరమ్మ బండి తీసుకెళ్లిన మర్నాడే బ్యాటరీ చచ్చిపోయిందని కబురు. మీటరు వెళ్లి బ్యాటరీ ఎక్కించి వచ్చాడు. మళ్లీ అదే కబురు. మూడోసారి ఆవిడ బండిని తోయించుకుని షెడ్డుకే తెచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈసారి కారణం తెలిస్తే గానీ కదలనంది. గొంతు పెంచలేదు గానీ, బడిలో పిల్లల చేత నిజం చెప్పించిన గొంతు అది, ఎవరికైనా భయం వేస్తుంది.

మీటరు పని మొదలుపెట్టాడు. బండి ఆగి ఉన్నప్పుడు, అన్నీ ఆపేసి ఉన్నప్పుడు, బ్యాటరీలోంచి కరెంటు పోకూడదు. పోతోందంటే ఎవరో దొంగచాటుగా తాగుతున్నట్టు. బ్యాటరీ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టాడు. ముల్లు కదిలింది. పెద్దగా కాదు, ఒక చిన్న బల్బు తాగేంత. ఒక్కొక్క ఫ్యూజూ పీకుతూ పోయాడు. ముల్లు ఉన్నచోటే ఉంది. చివరి ఫ్యూజు పీకగానే సున్నాకు పడిపోయింది. గోడ మీద అతికించిన బండి వైరింగు పటం చూశాడు. ఆ ఫ్యూజు మీద ఉన్నది ఒక్కటే, లోపల కప్పుకుండే దీపం. ఫ్యూజు మళ్లీ పెట్టి, వెళ్లి ఆ బల్బు తీసేశాడు. ముల్లు కిందికి దిగలేదు. బల్బు లేకపోయినా కరెంటు పోతోందంటే ఇక తప్పు వైరులోనే ఉండాలి. ఆ వైరు పోయేది గుడ్డ పైనుంచి.

అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. డ్యాష్‌బోర్డు కింద ఆ వైరు జాయింటు ఉంది. అది విప్పి, కప్పుకు పోయే తీగను వేరు చేసి చూస్తే సంగతి తేలిపోయేది. దానికి కాసేపు బోర్లా పడుకుని, తన చేత్తో చుట్టిన టేపు తనే ఊడదీయాలి. కానీ టీచరమ్మ చూస్తోంది, మేస్త్రి చూస్తున్నాడు, బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి తప్పు చెప్పేస్తాడన్న పేరు నెత్తి మీద కూర్చుని ఉంది. మీటరు నోరు జారింది.

"గుడ్డ కొట్టేటప్పుడు మేకు వైరుకి తగిలింది. లోపల వైరు రేకుకి అంటి కరెంటు పోతోంది," అన్నాడు.

కుట్టుమిషను దగ్గరున్న సూది తల ఎత్తాడు. "నేను వైరు పక్కన మేకు కొట్టలేదు బావా."

"నువ్వు కొట్టలేదనుకుంటావు. మీటరు అబద్ధం చెప్పదు కదరా."

పాత సూది అయితే గొడవ పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని పోయేవాడే. ఈ సూది బ్లేడు తీసుకుని కారెక్కాడు. మేకులన్నీ ఒక్కొక్కటిగా పీకడానికి ఒక పూట పడుతుంది, టీచరమ్మ వేచి ఉంది, అందుకని ముందు అద్దం దగ్గర గుడ్డలో బ్లేడు దించి వైరు దారి వెంట వెనక్కి కోసుకుంటూ పోయాడు. తను కుట్టినదాన్నే. ఆ చప్పుడు షెడ్డంతా వినిపించింది.

మీటరు బ్యాటరీ దగ్గర నిలబడి ముల్లు చూస్తున్నాడు. గుడ్డ కదులుతోంది గదా, వైరు కూడా కదిలి ముల్లు ఊగాలి. ఊగలేదు. ఒక చిన్న బల్బు తాగేంత దగ్గర రాయిలా నిలబడి ఉంది. ఒక చిన్న బల్బు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. డిక్కీలో దీపం.

ఆ దీపం బండితో పుట్టింది కాదు. మా నాన్న చీకట్లో డిక్కీ తడుముకునేవాడు, అక్కడో లైటు ఉంటే బాగుండేదనేవాడు అని టీచరమ్మ ఒక మాట అంటే, ఆవిడ మీద గౌరవంతో మీటరే పెట్టాడు. డ్యాష్‌బోర్డు కింద ఆ జాయింటు దగ్గరే కప్పు దీపం వైరుకు కలిపి లాగాడు. పటంలో లేదు కాబట్టి బుర్రలోకి రాలేదు. మూత వేస్తే బటను నొక్కుకుని దీపం ఆరిపోవాలి. అప్పట్లో ఆరింది కూడా. తర్వాత మేస్త్రి డిక్కీ చుట్టూ కొత్త రబ్బరు వేశాడు. కొత్త రబ్బరు దళసరి, మూత వెంట్రుకవాసి పైకి లేచింది, బటను నొక్కుకోవడం మానేసింది. మూసిన డిక్కీలో రాత్రీ పగలూ దీపం వెలుగుతూనే ఉంది. ఎవరూ చూడని చోట.

ఇదంతా అర్థమయ్యేసరికి బ్లేడు ముందు సీట్లు దాటింది. ఆగరా అంటే చాలు. రెండక్షరాలు కాకపోతే మూడు. మీటరు నోరు తెరిచాడు. టీచరమ్మ తల తిప్పి అతనివైపు చూసింది, ఏం చెబుతాడోనని. ఆ చూపుకి అతను మళ్లీ ముల్లు వైపు తల తిప్పుకున్నాడు. బ్లేడు వెనక అద్దం దాకా వెళ్లి ఆగింది.

గుడ్డ రెండు చెక్కలై వేలాడుతోంది. ఎక్కి చూడు బావా అన్నాడు సూది. మీటరు ఎక్కాడు. వైరు పొడవునా ఒక గుడ్డ తొడుగు ఉంది. మిగిలిన ముక్కలతో సన్నగా, కుట్టు కూడా కనిపించనంత నీటుగా కుట్టి, వైరుకు తొడిగాడు సూది. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. బావ లాగిన వైరుకు దెబ్బ తగలకూడదని కుట్టాడు. దగ్గర్లో ఎక్కడా ఒక్క మేకు లేదు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కానీ అబద్ధమాడినవాడికంటే, నిజం చెప్పాల్సిన క్షణం జారవిడిచినవాడు ఇంకా తొందరగా దిగజారతాడు. మీటరు బయటివాళ్లకు వీపు పెట్టి, కత్తెరతో వైరులో చిన్న ముక్క కత్తిరించి, అతుకు వేసి టేపు చుట్టాడు. ఆ ముక్కకున్న తొడుగును జేబులో కుక్కుకున్నాడు. "ఇక్కడ ఒరిసింది. సరిచేశాను," అన్నాడు. సూది వంగి చూడబోయి మానేశాడు. బావ చెప్పాక ఇంక చూసేదేముంది అన్నట్టు తల దించుకున్నాడు. అందరూ టీకి వెళ్లినప్పుడు మీటరు తేలు కుట్టిన దొంగలా డిక్కీ తెరిచి, బటను పట్టీని కొంచెం పైకి వంచి మూసేశాడు. ముల్లు సున్నాకు దిగింది.

టీచరమ్మ మంచి మనిషి, సూదిని తిట్టలేదు. గుడ్డ మళ్లీ వేసి ఇవ్వమని చెప్పి వెళ్లిపోయింది. తిట్టింది మేస్త్రి. అది కూడా అరిచి కాదు. ఇంకో పెద్ద బండి రాబోతోంది, దాని గుడ్డపని బయట చేయిస్తానన్నాడు. ఈ కప్పు పూర్తిచేశాక నువ్వు వేరే చోటు చూసుకో అన్నాడు. సూది సరే అన్నాడు. ఆ సరే మీటరుకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

మర్నాటి నుంచి షెడ్డులో మీటరుకు నరకం మొదలైంది. సూది కొత్త గుడ్డ వేస్తున్నాడు, కానీ చెయ్యి మునుపటి చెయ్యి కాదు. మేకు పెట్టిన ప్రతిచోటా ఆగేవాడు. బావా, ఒక్కసారి మీటరు పెట్టి చూడవూ అని పిలిచేవాడు. మీటరు వెళ్లి, ఏ తప్పూ లేదని తెలిసిన వైరుకు మీటరు పెట్టి, బాగానే ఉందిరా అనేవాడు. ఇంకో మేకు, ఇంకో పిలుపు. ఒకసారి సూది మేకు పళ్ల మధ్యనుంచి తీసి చేతిలో పట్టుకుని, నా చెయ్యే మంచిది కాదేమో బావా అన్నాడు. మీటరు కారులోంచి దిగి పంపు దగ్గర అవసరం లేకపోయినా చేతులు కడుక్కున్నాడు.

ఇంట్లోనూ అంతే. సూది అక్క ఇంటికి రావడం మానేశాడు. భార్య మొదట తమ్ముణ్ణే తిట్టింది. మీరు ఒక మాట చెప్పి పనిలో పెట్టిస్తే మీ పరువు తీశాడు, వాడి బుద్ధి మారదండీ అంది. మీటరు కంచంలో చెయ్యి పెట్టి, పోనీలే అన్నాడు. పోనీలే అనే అర్హత తనకెక్కడుందని తర్వాత సిగ్గుపడ్డాడు. ఆవిడకు తమ్ముడి మీద పోయిన నమ్మకమంతా తన జేబులో ఉందని అతనికి తెలుసు.

నిజంగానే జేబులో ఉంది. ఆదివారం బట్టలు ఉతుకుతూ ఆవిడ చొక్కా జేబులోంచి ఆ తొడుగు ముక్క తీసింది. వేలికి తొడుక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మా తమ్ముడి కుట్టేనండీ. మా అమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టు, వాడికీ నాకూ తప్ప రాదు. దేనికిది?"

వైరుకి అన్నాడు మీటరు. ఏ వైరుకి అని ఆవిడ అడిగింది. కారు కప్పులో వైరుకి అన్నాడు. ఆవిడ కాసేపు తొడుగును పట్టి పట్టి చూసింది. దానికి ఎక్కడా చిల్లు లేదు, చిరుగు లేదు.

"ఇంత శ్రద్ధగా తొడుగు కుట్టినవాడు దాని మీదే మేకు కొట్టాడంటారా?"

ఆవిడ నిలదీయలేదు, మామూలుగానే అడిగింది. మీటరు కక్కలేక మింగలేక, పనుందని చెప్పి వీధిలోకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆ ముక్క ఉతికి, ఆరి, మడతపెట్టిన చొక్కా మీద ఉంది. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే కొంచెం తేలికయ్యేది.

కప్పు పూర్తయింది. మళ్లీ ముడత లేదు. ఈసారి సూది వైరు దారి వెంట గుడ్డలో ఒక సన్నని జిప్పు కుట్టాడు, దగ్గరగా చూస్తే గానీ తెలియదు. ఇంకోసారి నా తప్పు వెతకాల్సి వస్తే కొయ్యక్కర్లేదు బావా, ఇలా లాగి చూసుకో అని తెరిచి చూపించాడు. ఎకసెక్కం లేదు ఆ మాటలో, నిజంగానే అన్నాడు. ఉంటే బాగుండేదనిపించింది మీటరుకు. తర్వాత సూది వెళ్లి తన కత్తెరలు, సూదులు, దారపు ఉండలు ఒక్కొక్కటిగా సంచిలో సర్దుకోసాగాడు. మేస్త్రి షెడ్డు ముందు బండి రేకులు తుడుస్తున్నాడు. టీచరమ్మ రావడానికి ఇంకా పొద్దుంది.

మీటరు డిక్కీ తెరిచాడు. తను పైకి వంచిన బటను పట్టీని మళ్లీ కిందికి, అప్పుడు ఉన్నట్టే వంచాడు.

"ఒరేయ్, సంచి తర్వాత సర్దుకో. ఇటు రా. నేను లోపల పడుకుంటాను, నువ్వు మూత వెయ్యి. లైటు ఆరుతుందో లేదో లోపలుంటే గానీ తెలియదు."

సూది అతని పొట్టనూ డిక్కీనీ మార్చి మార్చి చూశాడు. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది వాడికి. మధ్యలో ఇరుక్కుంటే రేకు కోసి తీయాలి, కోసే పని మాత్రం నాకు చెప్పకు అన్నాడు. మీటరు మోకాళ్లు ముడుచుకుని ఒకపక్కకు ఒదిగి పడుకున్నాడు. మూత పడింది. గొళ్లెం టక్కుమంది. దాన్ని బయటినుంచే తెరవాలి.

దీపం మొహం మీదే వెలుగుతోంది. కొత్త రబ్బరు వాసన, కొత్త రంగు వాసన. కళ్లు మూసుకున్నా వెలుగు పోవట్లేదు.

"బావా, లైటు ఆరిందా?"

"ఆరలేదు."

"అదేంటి? బటను నొక్కుకోవట్లేదేమో."

"నొక్కుకోవట్లేదురా. రబ్బరు వేసినప్పట్నుంచీ నొక్కుకోలేదు. బ్యాటరీని తాగింది ఈ లైటే. నీ మేకు కాదు."

బయట సూది మూత మీద చెయ్యి ఆనించి ఉన్నాడేమో, రేకు సన్నగా కిర్రుమంది.

"వైరు ఒరిసిందన్నావు కదా బావా. సరిచేశానన్నావు."

"అబద్ధం చెప్పాను. బాగున్న వైరునే కత్తిరించి అతికించాను. నువ్వు తొడుగు వేశావు కదరా, దానికేమవుతుంది?"

మీటరుకు చెమట పట్టింది. మొహం కనిపించకపోతే చెప్పడం సులువని ఇందులోకి దూరాడు. మొహం కనిపించకపోతే వినడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

"నేను కోస్తున్నప్పుడు నీకు తెలుసా?"

ఆ ఒక్కటీ అడగడనుకున్నాడు. తర్వాత తెలిసిందని చెప్పవచ్చు. చెబితే నమ్ముతాడు కూడా, అదే అసలు బాధ.

"మధ్యలో గుర్తొచ్చింది."

"మధ్యలో అంటే? ఎక్కడ?"

"నువ్వు ముందు సీట్లు దాటావు."

సూది మనసులో లెక్క వేసుకున్నట్టున్నాడు. గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"అంటే వెనకాల సగం మిగిలేది."

"మిగిలేదిరా."

చెప్పుల చప్పుడు దూరంగా పోయింది. మీటరు అరవలేదు, రేకు మీద చరచలేదు. వాడు సంచి భుజాన వేసుకుని అలాగే వీధిలో పడిపోతే, టీచరమ్మ వచ్చి డిక్కీ తెరిచేదాకా తను ఇక్కడే ఉంటే, అది కూడా న్యాయమే అనుకున్నాడు. మొహం మీద దీపం వేడిగా ఉంది. ఇన్నాళ్లూ అది ఇలాగే, లోపల ఒక్కటీ వెలుగుతూ ఉండి ఉంటుంది.

అడుగులు మళ్లీ దగ్గరికి వచ్చాయి. ఈసారి రెండు జతలు. సూది చెప్పులు తెలుసు. రెండోవి బరువైన బూట్లు, మేస్త్రివి. మూత మీద ఎవరో వేలి కణుపులతో రెండుసార్లు తట్టారు.

"బావా," అన్నాడు సూది, ఇందాకటికంటే గట్టిగా, మొదటిసారి అడుగుతున్నట్టు. "లైటు ఆరిందా?"

గొళ్లెం కదల్లేదు. మీటరు గొంతు సవరించుకున్నాడు. ఆరలేదని చెప్పి, మేస్త్రికి కూడా వినపడేలా మొదటినుంచీ మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.